ఆరో తరగతి బరువు

ఏప్రిల్ ఆఖరు వారం
భోలక్‌పూర్ గల్లీలల్ల నా తోపుడుబండికి
బడి వాసనొస్తది.
సిరా, చెమట, అట్టలకేసిన ఖాకీ కాయితం,
నడుమ ఎక్కడ్నో ఎండిన జామాకు.

ఇరవై రెండేండ్లాయె తూకం పట్టి.
ఏ తరగతి ఎంత బరువో చేతికే ఎరుక.
ఒకటోది అరకిలో నిండదు,
మూడోది కిలో దాటుతది,
ఏడోదానికొస్తే తాడు కట్టాలె.

పళ్ళెంల ఏసే ముందు ఓసారి తిప్పి చూస్త.
నేను నాలుగుల బడి ఇడిసినోణ్ని,
ఆపై సదువంత నాకు కిలోల లెక్కన్నే అబ్బింది.
భూమి తన చుట్టు తాను తిరుగునని ఒకడు రాసిండు,
తిరిగితే మా మేడ మీది కోళ్లగూడు ఎందుకు పడదని
పెన్సిలుతోని పక్కనే ఇంకొకడు అడిగిండు.
దానికి టిక్కు లేదు, ఇంటూ లేదు,
సారు చూసి ఊకున్నట్టున్నడు.
మూసీ ఒక నది అని రాసి
మార్కు తెచ్చుకున్నది చాదర్‌ఘాట్ పిల్ల,
రోజూ ముక్కు మూసుకొని వంతెన దాటేదే గావచ్చు.
భిన్నాల పేజీల రొట్టెను ఎనిమిది ముక్కలు చేసిండ్రు.
తినేటోళ్లు ఎందరో ఎవరూ అడగలే.

ఇప్పుడు చెప్పాల్సిన మాటొకటున్నది.
నా త్రాసుల రాళ్లు పెట్టే పళ్ళెం అడుగున
పాత స్పీకరుల ఊడదీసిన అయస్కాంతం ఉండేది.
గుండ్రంగ, నల్లగ, సరిగ్గ పావుకిలో.
బియ్యంల రాళ్లున్నట్టు
నా బతుకుల అది కలిసిపోయింది.
ఏరెయ్యాలని అనుకోలే.

బాకారం మలుపుల ఓ పిల్ల
రెండు చేతుల మోసుకొచ్చింది.
అట్ట మీద గుండ్రటి అక్షరాలు:
సుప్రజ, ఆరు, బి సెక్షన్.
ఇచ్చే ముందు మెట్టు మీద కూసుండి
కాపీల పిన్నులు ఒక్కొక్కటే పీకుతున్నది.
ఎందుకు బిడ్డా అంటే
"మీ చేతికి గుచ్చుకుంటయి అంకుల్."

రాళ్లేసిన. ముల్లు నిలబడ్డది.
"కిలో ముప్పావు. పన్నెండు లెక్కన ఇరవయ్యొకటి."
పీకిన పిన్నులు బండి మీద పెడదామని
చెయ్యి ముందుకు చాపింది.
అరచేతుల ఉన్న పిన్ను ఒకటి కదిలింది.
మెల్లగ మల్లింది.
చటుక్కున ఎగిరి
రాళ్ల పళ్ళెం అడుగుకు అతుక్కున్నది.

ఎండ. కుక్క ఒకటి బండి నీడల పండుకున్నది.
పిల్ల వంగి చూసింది.
చూసి, లేసి, నా మొకం చూడలే.
పెదవులు మాత్రం కదులుతున్నయి.
ఒక కిలోకు పన్నెండైతే పావుకిలోకు ఎంత,
ఆ లెక్క నాకూ వినపడ్డది.

"అంకుల్, మీ త్రాసుకు ఏదో అతుక్కున్నట్టున్నది.
ఓసారి చూసుకోండ్రి."

మోసమన్లే. దొంగతనమన్లే.
తెలుగు వాచకంల
ఒక్క అర్థానికి పది మాటలు నేర్పుతరు.
ఆ పది పక్కకు పెట్టి
ఈ పదకొండోది ఎక్కడ దొరికిందో ఈ పిల్లకు.

పీకేసిన. మల్ల జోకిన. రెండు కిలోలు.
ఇరవై నాలుగియ్యాలె,
చెయ్యి వణికి ముప్పై ఇచ్చిన.
ఆరు లెక్కబెట్టి వాపసిచ్చింది.
ఇచ్చి, పోకుంట అట్లనే నిలబడ్డది.
"ఆ అయస్కాంతం మీకు పనికొస్తదా అంకుల్?
మా బడిలది కింద పడి ముక్కలైంది.
టీచరు బోర్డు మీద బొమ్మ గీసే చెప్పింది."

పాత ఉర్దూ పేపర్ల చుట్టి ఇచ్చిన.
మోయలేక రెండు చేతులతోని
ఛాతీకి ఆనించుకొని పోయింది.
దారిల ఓ గేటుకు టక్కున అతుక్కుంటే
నవ్వుకుంట పీక్కున్నది.

రోజుకు అరవై రూపాయలు తక్కువొస్తున్నయిప్పుడు.
ఏమైందని ఇంట్లె అడిగింది మొన్న.
అన్నం కలుపుకుంట జెప్పిన,
ఆరో తరగతి, బి సెక్షన్.